కువైట్‌కు పంపిన పాట

నా అనుమానపు బుద్ధి మా అమ్మ నుంచి వచ్చింది. చేపలమ్మే మనిషి ఎన్ని ఒట్లు పెట్టినా మొప్ప ఎత్తి చూడందే ఆవిడ చేప కొనేది కాదు. అందుకే, పాటలంటే ఏనాడూ చెవి కోసుకోని నా స్నేహితుడు నర్సాపురంలో ఆర్కెస్ట్రా ఉంది, పోదాం రమ్మనగానే ఎక్కడో తేడా కొట్టింది.

అప్పుడు ఇద్దరం రాజోలులో ఇంటర్ చదువుతున్నాం. వాడికి తండ్రి లేడు. వాళ్ళమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో పనికి వెళ్ళి ఏళ్ళయింది. అమ్మమ్మ దగ్గరే పెరిగాడు.

మా చిన్నాన్న మోపెడ్ అడిగి తెచ్చాను. వాడు ఒళ్ళో ఒక సంచి పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ముందు తగిలిస్తానంటే ఇవ్వలేదు. నర్సాపురంలో రైలుంది. మా వైపు ఇల్లు విడిచి పారిపోవాలనుకున్నవాడు ముందు గోదావరి దాటి అక్కడికే చేరాలి.

"ఆణ్ణి జాగ్రత్తగా తీసుకొచ్చెయ్యి బాబూ," అంది వాళ్ళ అమ్మమ్మ.

"ఆయ్, అలాగేనండి మామ్మగారూ," అన్నాను గానీ నా కళ్ళు సంచి మీదే ఉన్నాయి.

మలికిపురంలో సోడా తాగుదామని ఆపితే సంచితో దిగాడు. ఒంటేలుకి కూడా సంచితోనే వెళ్ళాడు. ఇక నాకు అనుమానమే లేదు, వీడు పారిపోతున్నాడు. రేపు ఆ ముసలావిడకి నేనేం చెప్పాలి?

సఖినేటిపల్లి రేవులో, బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు ఎక్కాం. అది గోదావరి మధ్యకు వచ్చేదాకా ఓపిక పట్టి, ఇక ఎటూ పోలేడు కదా అని కాలరు పట్టుకున్నాను.

"సంచిలో ఏవుందిరా? రైలెక్కేస్తన్నావా?"

వాడు నవ్వలేదు. సంచి జిప్పు తీసి చూపించాడు. తువ్వాలులో చుట్టిన టేపురికార్డరు.

మా వీధుల్లో అప్పట్లో కువైట్‌కి ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ వెళ్ళేవి. ఇంటిల్లిపాదీ టేపు చుట్టూ చేరి మాట్లాడి, సెలవుకొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చేవారు. జవాబులూ అలాగే వచ్చేవి. వీడు మాత్రం గొంతు మారిన దగ్గర్నుంచీ టేపులో మాట్లాడటం మానేశాడు. ప్రతి క్యాసెట్లోనూ వాళ్ళమ్మ బతిమాలేది.

"ఇయ్యాల ఎవడిదో పాట ఎక్కించి, నేనే పాడేనని పంపుతాను," అన్నాడు. "నమ్మిందనుకో, నన్ను మర్చిపోయినట్టే. అక్కడ ఆళ్ళ పిల్లల్ని పెంచుతుందిగా, నేనేం గుర్తుంటాను?"

"నీ కొత్త గొంతు ఆవిడెప్పుడు విందిరా, ఎదవా?"

"అమ్మకి తెలవాలి," అన్నాడు మొండిగా.

నాకు ఒళ్ళు మండింది. పారిపోతాడనుకున్నప్పుడు కూడా అంత కోపం రాలేదు. ఆవిడ ఓడిపోవాలనే పెట్టిన పరీక్ష అది. కాని లోపల నాకూ అనుమానమే, నమ్మేస్తుందేమోనని.

మైదానంలో జనం మధ్య నేల మీద కూర్చున్నాం. సన్నటి కుర్రాడొకడు ఏదో సినిమా పాట అందుకున్నాడు. వీడు రికార్డు చేసే రెండు మీటలూ కలిపి నొక్కాడు. పాట అయ్యేదాకా స్టేజీ వైపు చూడనేలేదు, తిరుగుతున్న టేపునే చూస్తున్నాడు. పాట అవగానే లేచి, చీకటి పడేలోగా పంటు ఎక్కేశాం. మర్నాడు క్యాసెట్టు మీద "నేను పాడింది" అని రాసి పంపించాడు.

జవాబు కోసం ఎదురుచూసినన్నాళ్ళూ మాకు అదే గొడవ. నమ్ముతుందని వాడు, నమ్మదని నేను.

చివరికి సెలవుకొచ్చినవాళ్ళెవరో క్యాసెట్టు తెచ్చిచ్చారు. వాడూ, అమ్మమ్మా, నేనూ కూర్చుని విన్నాం. ముందు వాళ్ళమ్మ అందరి క్షేమం అడిగింది. తర్వాత, "పాట బాగుంది నాన్నా," అంది.

వాడు నా వైపు చూశాడు, చెప్పానా అన్నట్టు.

"ఎవరో గానీ ఆ కుర్రోడు బాగా పాడేడు. మధ్యలో 'కొంచెం జరగండి బాబూ, తొక్కేస్తన్నారు' అన్నావు చూడు, అది నువ్వు. అచ్చం మీ నాన్న గొంతొచ్చింది నీకు. పాటొదిలేసి ఆ ముక్కే తిప్పుకుని తిప్పుకుని వింటన్నాన్రా."

అలా అన్నట్టు వాడికే గుర్తు లేదు, నాకూ లేదు. అమ్మమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. వాడు ఆ క్యాసెట్టు తీసి, ఖాళీది పెట్టి, రెండు మీటలూ నొక్కాడు. చాలాసేపు టేపు ఊరికే తిరిగింది. నేను ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా భయపడి కూర్చున్నాను.

"అమ్మా," అన్నాడు చివరికి. "నేనే."