జాగ ఇచ్చిన నర్సక్క

బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకు వాసన ఈ ఉదయం ఎవరింట్లోంచో తేలి వచ్చింది. చేతిలో ఫోను ఏవేవో గుంపుల మాటలతో అదురుతూనే ఉంది. కాసేపు నేను షోలాపూర్ నీలం నగర్‌లో, నర్సక్క కొట్లో కూర్చున్నట్టే ఉంది.

తొంభైల చివర ఆమె తన ఫోన్ బూత్‌లో ఒక కంప్యూటర్ పెట్టించింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఆమె తెలుగులో చెప్పేదాన్ని, కొట్లో జీతానికి ఉన్న నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. షోలాపూర్ విడిచి భివండికీ సూరత్‌కీ మగ్గాల మీదికి వెళ్లిన మన తెలుగు నేతవాళ్ల కోసం ఆమె నడిపిన ఈమెయిల్ గుంపుకే అదంతా. బీడీల దగ్గర ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. కొత్తామె వస్తే ముందు అందరూ జరిగి చోటిస్తారు, తర్వాతే మాటలు. నర్సక్క అదే పద్ధతి గుంపులోనూ పెట్టింది. తెలిసినవాళ్లు తీసుకొస్తేనే కొత్తవాళ్లు రావాలి, వచ్చినవాళ్లను అందరూ పలకరించాలి. వారానికోసారి ఆమె ప్రతి ఒక్కరినీ "తిన్నవా?" అని అడిగేది.

భివండి నుంచి రాజమౌళి ఎప్పుడూ ఒక్క ముక్కే రాసేవాడు: "తిన్న, అక్కా." ఒక వారం అదీ రాలేదు. నర్సక్క అక్కడి మరమగ్గాల షెడ్డుకు ఫోన్ చేయించింది. అతను జ్వరంతో నూలు మూటల పక్కన పడి ఉన్నాడు. మనవాళ్లే మోసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు.

గుంపు పెద్దదైతే బాగుంటుందని నాకు తోచింది. మా ఊరి కొంతం చౌక్ దుకాణాల్లో గుంపు చిరునామా అంటించాను, ఎవరైనా చేరేలా తలుపు తీసేశాను. జనం వాన నీళ్లలా వచ్చారు. పెళ్లి సంబంధాలు, తువ్వాళ్ల బేరాలు, ఏ జిల్లావాళ్లు గొప్పన్న తగాదాలు. ఈ తిండి గోల ఏందని, ఈ ముసలామె ఎవరని ఒకడు ఎగతాళి చేశాడు. నాకు సిగ్గేసింది, ఆమె తరఫున కాదు, ఆమెను చూసి. ఆ పలకరింపు ఆపేద్దామన్నాను.

నర్సక్క బీడీకి దారం చుడుతూనే అంది: "నీ ఇష్టం తమ్మీ. గని రాజమౌళి రాయకపోతె ఎవరికి తెలుస్తది?"

"ఇంతమంది ఉన్నరు గదక్కా. ఎవరో ఒకరు చూస్తరు."

ఆ తర్వాత ఆమె ఉత్తరాలు చదివించుకోవడం మానేసింది. గర్వంతో గుంపును వదిలేసిందని ఇప్పటికీ కొందరు అంటారు. అది నిజం కాదు. ఆమె అడిగే ప్రశ్నను తీసేసింది నేను.

కొన్ని నెలలకు రాజమౌళి భార్య కొట్టుకు వచ్చింది. షెడ్డు మూతపడిందట, మనిషి జాడ లేదట. పాత ఉత్తరాలన్నీ వెతికాను. రెండు తువ్వాళ్ల బేరాల మధ్య అతని మాట దొరికింది: "ఇయ్యాల తిన్లేదు, అక్కా." ఎవరూ జవాబివ్వలేదు. నేనూ చూడలేదు. అతను మళ్లీ కనిపించలేదు.

చెప్పడానికి వెళ్లి నర్సక్క గడప దగ్గర నిలబడిపోయాను. లోపల ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. జరిగింది అక్కడి నుంచే చెప్పాను. విన్నాక ఆమె చేతులు ఆగాయి. తర్వాత ఆమె చాట పక్కకు లాక్కుంది.

"జర జరుగుండ్రి," అంది వాళ్లతో. "పిలగానికి జాగ ఇయ్యుండ్రి."

ఈ ఉదయం ఫోనులో అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడనివాళ్ల పేర్లు నేను వెతుక్కుంటాను, రోజూ. ఒక పేరు దగ్గర ఆగి, "తిన్నవా?" అని రాసి, జవాబు వచ్చేదాకా ఫోను కింద పెట్టను.