దొడ్డు గుండె

నేను అబద్ధాలకోరునని కోరుట్ల ఆటోవాళ్లందరికీ తెలుసు. రుద్రంగి వాగులో నాకు చిక్కిన చేపను ఆటోకు కట్టి లాగితే, చేప గట్టెక్కలేదు గాని ఆటోయే వాగులోకి పోయిందని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ ఆటో కూడా నాది కాదు. జగిత్యాల ఆసుపత్రి వరండాలో చెప్పిన అబద్ధమే వేరు.

మా అక్క పెనిమిటి సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. ముప్పై ఏళ్లు ఆ మరమగ్గాల మోతలోనే బతికాడు. బీపీ ఎక్కువుందని ఎవరైనా అంటే, "తలకాయ నొస్తలేదు, బీపీ ఏడున్నది?" అని వాళ్లమీదికే ఎగిరేవాడు. నాలుగేళ్ల కింద మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే నేనే జగిత్యాల తీసుకుపోయాను. గుండె స్కానింగ్ అయ్యాక ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏళ్లతరబడి బీపీతో గుండె గోడ మందమైంది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది, అంటే కిడ్నీలూ దెబ్బతింటున్నాయి. కిడ్నీలు చెడితే బీపీ ఇంకా పెరుగుతుంది, ఆ బరువు మళ్లీ గుండెమీదే పడుతుంది. గోలీలు ఒక్కరోజు కూడా మానొద్దు."

బయట బావ పెదవులు తడుపుకుంటూ నిలబడ్డాడు. ఆ మొఖం చూసి నిజం చెప్పబుద్ధి కాలేదు.

"ఏమన్నడు బామ్మర్ది?"

"నీ గుండె దొడ్డుగున్నదట బావా. గసొంటి గుండె పహిల్వాన్లకే ఉంటదట. డాక్టరే పరేషాన్ అయిండు."

బావ పకపకా నవ్వాడు. "దొడ్డు గుడ్డ జల్ది చినుగదు. గుండె గూడ గంతే గదా!"

గోలీల సంగతి కూడా చెప్పాను. కానీ దొడ్డు గుండె ఉన్నవాడికి గోలీలెందుకు? మూడు నెలలు మింగి పక్కన పడేశాడు. సిరిసిల్లలో చాయ్ తాగిన ప్రతిచోటా తన గుండె గురించి చెప్పుకున్నాడు. నా కథల్లో జనం నమ్మింది అదొక్కటే.

నిరుడు కాళ్లు వాచాయి. పరీక్ష చేస్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్, రోజుకు రెండే గ్లాసుల నీళ్లు, అంతకు మించి తాగొద్దన్నారు. అక్క కొలిచి పోసేది.

మొన్న డయాలసిస్ అయ్యాక డాక్టరు అక్కను బయటే ఉంచి నన్నొక్కణ్ణే తన గదిలోకి పిలిచాడు. బయటికి రాగానే అక్క చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నడు తమ్మీ? కథలు చెప్పకు."

ఉన్నదున్నట్టు చెప్పాను. గుండె అలిసిపోయింది. మిషన్ మీద నీళ్లు తీస్తే బీపీ పడిపోతోంది, తీయకుంటే ఊపిరితిత్తుల్లో చేరుతున్నాయి. ఇక చేయగలిగింది లేదు. ఆనాడు జగిత్యాలలో డాక్టరు అన్నది, నేను బావతో చెప్పింది కూడా చెప్పాను.

"గోలీలు మింగితే గిట్ల కాకపోవునా?"

"గింత జల్ది కాకపోవు అక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెయ్యి మాత్రం వదిలేసింది. బావ ఉన్న వార్డులోకి పోయి, చెంబు నిండా నీళ్లు నింపి ఆయన చేతికిచ్చింది.

"తాగు. ఎన్నైనా తాగు."

బావ చెంబు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఎండిన మొఖం వెలిగిపోయింది.

"ఏందే, మంచిగైతున్నదని చెప్పిండా డాక్టరు?"

అక్క గోడ వైపు తిరిగింది. బావ నావైపు చూశాడు. నేను చూపు దించుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, చెంబెత్తి, గటగటా తాగాడు.