నార్మన్ ఎత్తు షెడ్డు

భర్త నార్మన్ పోయాక ఆడ్రీ ఇంట్లో మాట వినిపించడం మానేసింది. పిల్లలు కలగలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ సముద్రం ఒడ్డున ఎక్కడో ఉంది, క్రిస్మస్‌కి ఒక కార్డు పంపుతుంది. చలికాలమంతా ఆడ్రీ వంటింట్లో రేడియో పెట్టుకుని, వాతావరణం చెప్పే మనిషికి జవాబులిస్తూ గడిపింది. ఉత్తరాన జల్లులు పడతాయని అతనంటే, "పడనీ, నాకేం బట్టలున్నాయి ఆరెయ్యడానికి" అనేది. ఒకసారి అలా అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించి, టీ కప్పు కింద పెట్టి రేడియో కట్టేసింది.

ఆమెకి మిగిలింది తోట ఒక్కటే. బొగ్గు గని మూతపడిన ఆ ఊళ్ళో, పాత రైలు కట్ట కింద, మగవాళ్ళకి తలా ఒక తోట చెక్క ఉంది. కౌన్సిలు వాళ్ళు కౌలుకిచ్చిన నేల. బంగాళదుంపలు, క్యాబేజీ, బఠాణీ, ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకుంటారు. మనిషి పోతే అతని చెక్క భార్య ఉంచుకోవచ్చు, దున్నుకుంటూ ఉన్నన్నాళ్ళు. మానేస్తే వరసలో తర్వాతి మనిషికి పోతుంది. వసంతం రాగానే ఆడ్రీ నార్మన్ రబ్బరు బూట్లలో రెండు జతల మేజోళ్ళు కుక్కుకుని తోటకి వెళ్ళింది.

అక్కడ మగవాళ్ళు ఎక్కువ మాట్లాడేవాళ్ళు కాదు. "నేలింకా తడిగానే ఉందమ్మా" అనేవాడొకడు. "నత్తలు ఈ ఏడు మనల్ని మిగిల్చేలా లేవు" అనేవాడింకొకడు. పక్క చెక్క విల్ఫ్ హెపుల్‌ది. అతను నార్మన్‌తో కలిసి గనిలో పనిచేసినవాడు, కంచె మీద మోచేతులాన్చి నిలబడి, "ఏం తల్లీ, ఇంకా పారకి భయపడే పట్టుకుంటున్నావే. అదేం కరవదులే" అని ఆట పట్టించేవాడు. ఆ నాలుగు మాటలూ ఆడ్రీ ఇంటికి మోసుకెళ్ళి, పొయ్యిలో నిప్పు కప్పి ఉంచుకున్నట్టు మర్నాటిదాకా కాపాడుకునేది.

అయితే ఆ దేశంలో వాన పడని రోజు తక్కువ. ప్రతి తోటలోనూ పనిముట్లకి, వానకి తలదాచుకోవడానికి ఒక చిన్న చెక్క షెడ్డు ఉంటుంది. చలికాలపు గాలికి నార్మన్ పాత షెడ్డు కూలిపోయింది. చినుకు పడితే తక్కినవాళ్ళు ఎవరి షెడ్డులోకి వాళ్ళు దూరి, తలుపులు తీసుకుని కూర్చుని, ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకి కబుర్లు విసురుకునేవాళ్ళు. ఆడ్రీ మాత్రం గొడుగేసుకుని ఇంటికి పోవాల్సి వచ్చేది. తోటల సంఘం పెద్ద మాల్కమ్ ఒకరోజు గేటు దగ్గర ఆమెని ఆపి, షెడ్డు లేనివాళ్ళు ఇక్కడ నిలవరమ్మా, ఒక చలికాలం చూసి వదిలేసి పోతారు, నా అనుభవంలో అంతే అన్నాడు. మంచికే చెప్పాడు. ఆ మాట ఆమె గుండెలో పడింది. తోట పోతే ఇక తనని పలకరించేవాళ్ళుండరు.

కొత్త షెడ్డు కొనాలి. ఎలాంటిది కొనాలో మాత్రం ఆమెకి తెలియదు. నార్మన్ షెడ్డు లోపల ఎలా ఉండేదో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు. ఎవరూ వద్దనలేదు, అయినా వెళ్ళేవాళ్ళు కాదు, అంతే. భార్య టీ ఫ్లాస్కు తెచ్చి గేటు దగ్గర అందించి వెనక్కి తిరగాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆడ్రీ అలాగే అందించింది. ఆమెకి తెలిసిందల్లా సాయంత్రం నార్మన్ ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసి, వీపు వంగి ఉండేది. మనిషి పొడుగు. గనిలో వంగే పనిచేశాడు, షెడ్డులోనూ తలెత్తే చోటు లేదు కాబోలు పాపం అనుకునేది. మెడకి మందు రాస్తూ ఒక్కసారైనా అడగలేదు.

షెడ్లమ్మే స్థలం ఊరి బయట పెద్ద రోడ్డు మీద ఉంది. ఆరుబయట షెడ్లన్నీ బొమ్మరిళ్ళలా నిలబెట్టి ఉంచారు, ఎవరూ కాపురముండని వీధిలా ఉంది. ఆడ్రీ ఒక్కొక్క దానిలోకీ వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని చూసింది. కొత్త చెక్క వాసన. అక్కడ అమ్మే ఆవిడ వెంట వచ్చి, తోటల వాళ్ళందరూ ఏటవాలు కప్పున్న ఈ పొట్టిదే తీసుకుంటారండీ, గాలికి తట్టుకుంటుంది అంది. ఆడ్రీ అందులో నిలబడి, తన తల మీద చెయ్యెత్తి చూసింది. పెళ్ళిళ్ళకీ చావులకీ నార్మన్ టై సరిచేసేటప్పుడు చెయ్యి ఎంత పైకి వెళ్ళేదో ఆ చేతికి గుర్తుంది. అక్కడికి రాకముందే వేళ్ళు కప్పుకి తగిలాయి.

"మా ఆయన పొడుగు" అంది.

"అయితే ఆయన్ని కూడా తీసుకురండి. నిలబెట్టి చూసుకుందాం."

"ఆయన రాలేరు."

"పనిలో ఉన్నారా?"

ఆడ్రీ ఊఁ అంది. ఎందుకన్నదో ఆమెకీ తెలియదు. ఆ ఊఁతో నార్మన్ ఎక్కడో పనిలోనే ఉన్నట్టయింది. ఆ బలంతో వెళ్ళి, చర్చి కప్పులా మధ్యలో పైకి లేచిన అన్నింటికన్నా పొడుగు షెడ్డు తీసుకుంది.

శనివారం మగవాళ్ళందరూ వచ్చి నిలబెట్టారు. పాత షెడ్డు బండలు ఎక్కడున్నాయో అక్కడే, విల్ఫ్ కంచెని ఆనుకుని. గోడలు లేచేసరికి విల్ఫ్ వెనక్కి జరిగి, ఆకాశం వైపోసారి, తన నేల వైపోసారి చూశాడు.

"బాగా ఎత్తుగా ఉందే" అన్నాడు.

"నార్మన్ పొడుగు కదా, విల్ఫ్."

సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. అందరూ నేల చూపులు చూశారు. తర్వాత మాల్కమ్ మేకులు అడిగాడు, విల్ఫ్ అందించాడు.

ఆ తర్వాత వారమే ఏదో మారింది. విల్ఫ్ కంచె దగ్గరికి రావడం మానేశాడు. ఒకరోజు ఆడ్రీ వెళ్ళేసరికి అతని వైపున, ఆమెకి వీపు చూపిస్తూ, పాత తలుపులూ బల్ల చెక్కలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో ఉన్న సందులు కూడా మూసేశాడు. ఇప్పుడామెకి అతని టోపీ కూడా కనిపించడం లేదు. వాన పడితే ఆడ్రీ తన ఎత్తయిన షెడ్డులో తలుపు తీసుకుని కూర్చునేది. మగవాళ్ళు అవతల ఏదో మాట్లాడుకుంటూ, ఆమె తలుపు చప్పుడు వినగానే ఆపేసేవాళ్ళు. పలకరిస్తే బదులిచ్చేవాళ్ళు, మర్యాదగానే. ఆ మర్యాదే ఆమెని చంపేది. వెనకటిలా ఎవరూ ఆట పట్టించడం లేదు.

తన ఏడుపు మొహం చూసి చూసి విసుగెత్తి ఉంటారు, చావు కబురు ఎన్నాళ్ళని మోస్తారు అనుకుంది. తనకి అడ్డంగా గోడ కట్టుకున్న మనిషి పక్కన బఠాణీ కోసుకోవడం ఆమె వల్ల కాలేదు. వేసవి నడిమికొచ్చేసరికి తోట గేటు తాళంచెవి తీసుకుని మాల్కమ్ ఇంటికి వెళ్ళి, చెక్క వదిలేస్తున్నానని చెప్పింది.

మాల్కమ్ తాళంచెవి అందుకోలేదు. గుమ్మంలో ఇంటి చెప్పులతో నిలబడి చెవి గోక్కున్నాడు.

"విల్ఫ్ ఏమన్నా అన్నాడా నిన్ను?"

"ఏమీ అనలేదు. గోడ కట్టుకున్నాడు. చాలదా?"

"గోడా? అయ్యో పిచ్చిదానా. అది వెలుగు కోసం." చెప్పకూడదని విల్ఫ్ అందరి దగ్గరా మాట తీసుకున్నాడని, అయినా చెబుతున్నానని అన్నాడు. "నీ షెడ్డు నీడ పొద్దున్నించీ వాడి లీక్ కాడల మడి మీదే పడుతోంది."

ఆడ్రీ తాళంచెవి జేబులో వేసుకుంది. ఆ ఊరి ఆడది కాబట్టి ఇంకేం చెప్పక్కర్లేదు. లీక్ అంటే పేరుకి ఉల్లి జాతి కాడ. కానీ ఆ ఊళ్ళో సెప్టెంబరులో క్లబ్బులో పోటీ పెడతారు, మనిషి ముంజేయంత లావు పెంచినవాడికి ఏడాదంతా మర్యాద. ఏం ఎరువు వేస్తున్నారో పెళ్ళానికి కూడా చెప్పరు. పక్కవాడి లీక్‌ల మీద నీడ వెయ్యడమంటే ఉయ్యాలలో బిడ్డ మీద నీళ్ళు పోసినట్టే. కొత్త షెడ్డు నిలబెట్టేముందు ఎవడైనా నీడ ఎటు పడుతుందో చూసుకుంటాడు. ఆడ్రీ నార్మన్ తల సంగతే చూసుకుంది.

అక్కణ్ణించి తిన్నగా తోటకి వెళ్ళి, మొదటిసారి విల్ఫ్ చెక్కలోకి అడుగు పెట్టింది. తలుపులన్నిటికీ అతని వైపున తెల్ల సున్నం కొట్టి ఉంది. సందుల్లో వంటింట్లో వాడే వెండి కాగితం. ఉన్న కాస్త ఎండనీ పట్టి లీక్‌ల మీదికి తిప్పుదామని ముసలాయన పడ్డ అవస్థ. కాడలు పాలిపోయి, పెన్సిళ్ళకన్నా కాస్త లావుగా ఉన్నాయి.

"ఎందుకు చెప్పలేదు నువ్వు?"

విల్ఫ్ పైకి చూడకుండా కలుపు తీస్తూనే ఉన్నాడు. "ఏమని చెప్పను? నార్మన్ పొడుగు అన్నావు. ఇంక నోరెలా వస్తుంది?" కాసేపాగి, "అయినా తల్లీ, వాడికి షెడ్డులో నిలబడే పనేముంది? ఒక్కనాడైనా నిలబడ్డాడా? బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. పొద్దస్తమానం కూర్చునే ఉండేవాడు. లేవరా అంటే లేచేవాడు కాదు."

"మరి ఆ మెడ?"

"కూర్చునే నిద్రపోయేవాడుగా."

ఆడ్రీకి నవ్వొచ్చింది. నవ్వు మొదలై, సగంలో ఇంకోలా అయిపోయింది. విల్ఫ్ కలుపు తీయడం ఆపి, ఆమె సర్దుకునేదాకా బఠాణీ పందిరి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతకాలం తను మెడకి మందు రాసిన మనిషి గురించి పక్క తోటవాడు చెబితే తెలుసుకుంది. ఇంకెన్ని తెలియకుండా పోయాయో.

"షెడ్డు ఎత్తు కోసెయ్యి" అంది.

విల్ఫ్ వద్దన్నాడు. ఈ ఏటికి ఎలాగూ అయిపోయింది, ఉండనీ అన్నాడు. ఆమె వినలేదు. మర్నాడు అతనూ మాల్కమ్ కలిసి కప్పు దించారు. కప్పు లేని షెడ్డులో ఆకాశం నిండుగా కనిపించింది. విల్ఫ్ చెవి మీది పెన్సిలు తీసి, ఎంతవరకు కోయమంటావు అని అడిగాడు. ఆడ్రీ లోపలికెళ్ళి గోడకి వీపు ఆన్చి, మడమలు కలిపి నిలబడింది.

"టోపీ తియ్యనా?"

"ఉంచుకో. చలికాలం టోపీతోనే ఉంటావుగా."

ఆమె తల మీద బెత్తెడు వదిలి అతను గీత గీశాడు. రంపం ఆడుతున్నంతసేపూ ఆమె బయట నిలబడి, రాలుతున్న పొట్టు చూసింది. తర్వాత చీపురు తెచ్చి ఊడ్చింది.

ఆ ఏడు పోటీలో విల్ఫ్‌కి ఏమీ రాలేదు. తప్పంతా నత్తలమీదికి నెట్టేశాడు. తెల్ల తలుపులు తీసేసి, మళ్ళీ కంచె మీద మోచేతులాన్చడం మొదలుపెట్టాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆడ్రీ షెడ్డులో బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. ఆ బకెట్టు మీద నిద్రెలా పడుతుందో ఆమెకి అంతుపట్టలేదు. తలుపు బార్లా తీసి ఉంది. జల్లు లోపలికి కొడుతూ బూట్లు తడుపుతోంది.

"తలుపేసుకోవమ్మా, తడుస్తున్నావు" అని విల్ఫ్ తన షెడ్డులోంచి కేకేశాడు.

"పర్వాలేదులే" అంది ఆడ్రీ. కాళ్ళు కాస్త వెనక్కి లాక్కుని, అతను ఇంకేమైనా అంటాడేమోనని చూస్తూ కూర్చుంది.