మా అక్క ఒప్పుకున్న తీరు

పని లేనివాళ్లు ఈగలు తోలుకుంటారు. మా అక్క వాటిని పెంచుతుంది, పైగా జీతం కూడా తీసుకుంటుంది. పరిశోధనశాలలో సీసాల నిండా పండ్ల ఈగలు. వాటి అండాశయాలు విప్పి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం ఆవిడ ఉద్యోగం.

చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, అన్నం దగ్గర రోజూ నాకు పాఠమే. ఈగ కడుపులో గుడ్డు తయారయ్యేచోట, ఒక కొసన రెండు కణాలు కూర్చుని చుట్టుపక్కల వాటికి కబురు పంపుతాయట. కబురు గట్టిగా అందినవి వరుస వదిలి ప్రయాణమవుతాయి. లీలగా అందినవి ఉన్నచోటే ఉండిపోతాయి. అటూ ఇటూ కాకుండా అందినవి కాసేపు ఊగిసలాడి ఏదో ఒక పక్కకు తేలతాయి. "ఒకసారి తేలాక ఇక వెనక్కి రావే," అంటుంది అక్క, అదేదో తన ఘనతైనట్టు.

మైక్రోస్కోపులు బాగుచేయడానికి ఒకాయన వచ్చేవాడు. ఇంట్లో మేం లెన్సులాయన అనుకునేవాళ్లం. ఆయన వచ్చే రోజు అక్క జడ విప్పి మళ్లీ వేసుకునేది. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని. ఒకరోజు అక్క మైక్రోస్కోపులోకి చూస్తుండగా ఆయన మెల్లగా అడిగాడట, "మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందండీ?" అని.

అక్క తలెత్తకుండానే "చూద్దాం" అంది.

ఇంటికొచ్చి, "ఒప్పేసుకున్నానే," అంది వెలిగిపోతూ. ఏమన్నావని అడిగి, విని, నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"దాన్ని ఒప్పుకోవడమంటారా? చిన్నప్పుడు అమ్మ చూద్దామన్న సైకిలు ఇంతవరకూ రాలేదు. ఫోన్ చేసి సరేనని చెప్పు."

"మా పరిశోధనశాలలో చూద్దామంటే నిజంగా చూడ్డమే. ఆయనకు అర్థమవుతుందిలే," అంది నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన రాలేదు. వచ్చిన రోజు, "వచ్చే నెల నా పెళ్లండీ," అన్నాడు.

"అదేంటి, నేను ఒప్పుకున్నాను కదండీ?"

"ఎప్పుడండీ?"

"చూద్దామన్నాను కదా."

ఆయన తుడుస్తున్న లెన్సు పక్కన పెట్టాడు. "మా ఇంట్లో చూద్దామంటే వద్దనేనండీ. పైగా మీరు నా వైపైనా చూడలేదు."

"నాకు ఇష్టమేనండీ," అంది అక్క, గదిలో అందరికీ వినబడేలా.

"ఈ మాట అప్పుడే అనుంటే బాగుండేదండీ," అని ఆయన సంచీ సర్దుకున్నాడు.

అక్క ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. వెటకారం నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాకూ ఏడుపొచ్చింది.