గొట్టం మీద మూడు దెబ్బలు

బ్లజెనా కోప్రివోవా గొంతు ఎలా ఉంటుందో మా కామెనెత్స్ ఊళ్లో చాలామందికి తెలియదు. వారమంతా బీరు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని లారీలకు చీటీలు రాసేది. ఆదివారం మధ్యాహ్నం తన వంటింట్లో దొంగచాటుగా జరిగే నాటకంలో, నటులు మర్చిపోతే మాట అందించేది. చీటీలు రాయడానికి గొంతు అక్కర్లేదు, మాట అందించడానికి గుసగుస చాలు. అలా పన్నెండేళ్లు గడిపేసింది.

ఆ నాటకం రాసినాయన మతౌష్ రెయ్‌జెక్. ప్రాగ్‌లో ఆయన నాటకాలన్నీ ప్రభుత్వం వాళ్లు ఆపేసి, పీపాలు దొర్లించే పని మీద మా ఫ్యాక్టరీకి తోలేశారు. మొదటి రోజే అరచేతులు బొబ్బలెక్కాయి. బ్లజెనా పిలిచి బాతు కొవ్వు రాసింది.

"మీరేదో రాస్తారట కదా. ఏం రాస్తారు?" అంది.

"నవ్వొచ్చేవి. నవ్వు రానివాళ్లు ఇక్కడికి పంపారు."

"మా వంటిల్లు చిన్నదే గానీ, నవ్వడానికి సరిపోతుంది," అంది బ్లజెనా.

ఆదివారం మధ్యాహ్నం ఎందుకంటే, ఆ వేళ టీవీలో హాకీ వస్తుంది. పోలీసులకి కూడా హాకీ అంటే పిచ్చి. అయినా జాగ్రత్త కోసం కింది వాటాలో షిష్కా ఉండేవాడు. కుంటికాలు చాపుకుని కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూసేవాడు. తెలియని కారు ఆగిందంటే చెంచాతో, బాయిలర్ నుంచి అన్ని వాటాలకీ వేడి తెచ్చే హీటర్ గొట్టం మీద మూడు దెబ్బలు వేసేవాడు. ఆ చప్పుడు గొట్టం వెంట పైకి పాకి వచ్చేది. వెంటనే నటుల గొంతులు గుసగుసలోకి దిగిపోయేవి. ఆపడం మాత్రం లేదు. ఆపితే బ్లజెనా ఊరుకోదు. చేతిలోకి పేకముక్కలు వచ్చేవి, మాటలు మాత్రం నాటకంలోవే సాగేవి.

ఆ నాటకం ఒక తలుపుకి కాపలా కాసే గుమాస్తా కథ. లోపల ఏముందో ఆ మనిషికి తెలియదు. ఆఖర్న ధైర్యం చేసి "లోపలెవరు?" అని అరిస్తే, లోపల్నుంచి ఇంకో కాపలావాడు బయటికొస్తాడు. గుమాస్తా వేషం నర్సు యిత్కాది. రెండో కాపలావాడు బీరు లారీ డ్రైవరు హినెక్. వంటింట్లో తలుపంటే సామాన్ల గది తలుపే. హినెక్ గంటసేపు అందులో నిలబడి, దోసకాయ ఊరగాయ వాసనేసుకుంటూ బయటికొచ్చేవాడు. చూసేవాళ్లలో స్టవ్ పక్కన స్టూలు నాది కాబట్టి ఆ వాసన నాకు బాగా తెలుసు.

ఇంతలో జనం వీధుల్లోకొచ్చి, ఇక దిగిపొమ్మని ప్రభుత్వానికి వినపడేలా తాళంచెవులు గలగలలాడించారు, ప్రభుత్వం దిగిపోయింది. చలికాలం తిరిగేసరికి మన పీపాల రెయ్‌జెక్ దేశాధ్యక్షుడు. కొత్త కుర్చీలో కూర్చుని ఆయన రాసిన మొదటి ఉత్తరాల్లో ఒకటి బ్లజెనాకి వచ్చింది. "నాటకం బయట ఆడితే మొదట మీ ఊళ్లో, మీ వంటింటి వాళ్లతోనే ఆడాలి. నేనొస్తాను."

బ్లజెనాకి ఇక ఒకటే పట్టు. తన వాళ్లే ఆడాలి, ఆఖరి వరసకి కూడా వినపడాలి.

మొదటి రిహార్సల్‌కి ఊరి థియేటర్ డైరెక్టర్ స్మెటాచెక్ పదో వరసలో కూర్చున్నాడు. వంటింట్లో పన్నెండేళ్లు అణిచి మాట్లాడిన గొంతులు స్టేజి మీద పైకి లేవలేదు. పది నిమిషాలకి ఆయన లేచాడు.

"ఏమండీ, ఇది నాటకమా, చర్చిలో పాపాలు ఒప్పుకోవడమా? ఒక్క ముక్క వినపడి చస్తేనా! శుక్రవారానికి ఇలాగే ఉంటే ప్రాగ్ నుంచి నటుల్ని పిలిపిస్తాను."

"పిలిపిస్తే వాళ్లకి మాట ఎవరందిస్తారో చూస్తాను," అంది బ్లజెనా. అది కూడా గుసగుసగానే అనడంతో ఆయనకి వినపడలేదు.

ఆవిడ యిత్కానీ, హినెక్‌నీ ఫ్యాక్టరీలో సీసాలు కడిగే హాల్లోకి లాక్కెళ్లింది. అక్కడ యంత్రాల రొదలో పక్కనున్నవాడి తుమ్ము కూడా వినపడదు. హాలు ఆ చివర కుర్చీ వేసుకుని కూర్చుంది. వినపడకపోతే తల అడ్డంగా ఊపుతుంది, అంతే.

"దీనికంటే కాన్పుల వార్డు నయం!" అని అరిచింది యిత్కా. బ్లజెనా తల నిలువుగా ఊపింది. వినపడిందన్నమాట.

నాలుగు రోజులు అలా అరిచారు. శుక్రవారం స్మెటాచెక్ ఆఖరి వరసలో కూర్చుని విన్నాడు, టోపీ తీసి దణ్ణం పెట్టాడు.

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముందు వరసల్లో వంటింట్లో నాటకం చూసిన మా జనం, పై బాల్కనీలో అధ్యక్షుడు. స్టేజి కింద మాట అందించే గూట్లో బ్లజెనా. గొంతులు ఖంగుమంటున్నాయి. యిత్కా తలుపు దాకా వచ్చేసింది. అధ్యక్షుడొచ్చాడన్న గౌరవంతో బాయిలర్ మనిషి రెండు తట్టల బొగ్గు ఎక్కువేశాడు పాపం. వేడెక్కిన పాత గొట్టం గోడలోంచి మోగింది.

టక్. టక్. టక్.

యిత్కా గొంతు ఠక్కున గుసగుసలోకి పడిపోయింది. చెయ్యి దానంతటది పేకముక్కల కోసం జేబులోకి పోయింది. ముందు రెండు వరసలూ తలలు వంచేశాయి. నేనూ వంచాను. పైకి చూద్దును కదా, బాల్కనీలో అధ్యక్షుడూ కుర్చీలో కిందికి జారుతున్నాడు!

వెనక వరసలకి ఏమీ అర్థం కాలేదు. "గట్టిగా! వినపడట్లా!"

అప్పుడు మూడో వరసలో షిష్కా కర్ర ఆనించి లేచాడు.

"నేను కాదర్రా! నేనిక్కడే ఉన్నాను! నా చెంచా ఇంట్లో ఉంది!"

హాలంతా గొల్లుమంది. యిత్కా కూడా నవ్వింది. నవ్వు ఆగాక నోరు తెరిచింది గానీ మాట రాలేదు, పూర్తిగా మర్చిపోయింది. కింద గూట్లోకి చూసింది. బ్లజెనా మాట అందించింది. పన్నెండేళ్లుగా పెదాల చివర్నుంచి అందించిన మాటే. ఈసారి గూటిలోంచి తల బయటపెట్టి, సీసాల హాలు దాటిపోయేంత గట్టిగా,

"లోపలెవరు?"

షాండ్లియర్ అద్దాలు కదిలాయని స్మెటాచెక్ ఇప్పటికీ చెబుతాడు. తలుపు వెనకున్న హినెక్ అదిరిపడి, "నేనేనండీ బ్లజెనా గారూ!" అంటూ బయటికొచ్చేశాడు. నాటకంలో లేని ఆ మాటకే అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

తెర పడ్డాక రెయ్‌జెక్ స్టేజి మీదికొచ్చి, గూటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బ్లజెనా, నీకింత గొంతుందని తెలిస్తే నీకే వేషం రాసేవాణ్ణి కదా."

"ఇప్పుడు రాయండి. ఇప్పుడు మీకేం పని, పీపాలు కూడా లేవుగా?"

"ఉన్నాయి. అవి కాయితాలయ్యాయి, అంతే," అని అరచేతులు చూపించాడు.

మర్నాడు ఆదివారం. టీవీలో హాకీ మొదలైంది. మేం నలుగురం వంటింట్లో ఉల్లిపాయ, కొవ్వు రాసిన రొట్టె తింటున్నాం. గొట్టం మీద టక్, టక్, టక్.

హినెక్ అలవాటుగా రొట్టె దించి గొంతు తగ్గించాడు. బ్లజెనా లేచి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి కిందికి వంగింది.

"ఏంటి షిష్కా?"

"ఏం లేదు! కాఫీ పెట్టావా?"

"పెట్టాను, రా!"

బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లు కూడా తలెత్తి చూశారు.