మూడో అంతస్తు చదువులు

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. సౌదీలోని జుబైల్‌లో నాలుగో తరగతి చదువుతోంది. ఒక శుక్రవారం పొద్దున బాత్‌రూమ్‌లోంచి ఎంతకూ రాకపోతే తలుపు తోసి చూశాను. గిన్నెలు తోమే పీచుతో చెయ్యంతా రుద్దుకుంటోంది. మోచేతి కింద తోలు లేచి రక్తం కనిపిస్తోంది.

"ఏం జేస్తున్నవే?" అని పీచు లాక్కున్నాను.

"పోతలేదు మమ్మీ," అంది.

ఏం పోవడం లేదో అడగక్కర్లేకపోయింది. బడి వార్షికోత్సవం డాన్సులో తనను ముందు వరసలోంచి వెనక్కి మార్చారట. అప్పటినుంచి తరగతిలో పిల్లలు పేరు మానేసి రంగుతో పిలుస్తున్నారట. ఇదంతా తర్వాత ఒక్కో ముక్కా బయటపడింది. ఆ పొద్దున మాత్రం నాకు తోచిందల్లా మూడో అంతస్తులోని నర్సక్క దగ్గరికి పరిగెత్తడమే. మా ఆయన ప్లాంటులో షట్‌డౌన్ మరమ్మతుల పని మీద ఉన్నాడు. ఇక్కడ అందరికీ సెలవైన శుక్రవారం కూడా తనకు సెలవు లేదు.

నర్సక్కది కోనసీమ. ఇక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా పని. ఆమె ఇద్దరు కూతుళ్లు బడికి వెళ్లరు, ఆమే ఇంట్లో చదివిస్తుంది. మా బిల్డింగ్‌లో ఆడవాళ్లం ఆ సంగతి మాట్లాడుకుని నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను.

ఆమె పుండు కడిగి మందు రాసి కట్టు కట్టింది. ఎలా అయిందని అడగలేదు. "నీకు ఏ పాఠం ఇష్టమమ్మా?" అని మాత్రం అడిగింది. మా అమ్మాయి తల దించుకుంది.

"చెప్పాలనిపించినప్పుడే చెప్దువులే. రేపు రెండింటికి కట్టు మార్చాలి. నువ్వొక్కదానివే పైకొచ్చెయ్. అమ్మ అక్కర్లేదు."

మర్నాడు రెండింటికి వెళ్లిన పిల్ల ఐదింటికి దిగింది. మూడో రోజు పుస్తకాల సంచి తీసుకుని వెళ్లింది. నాలుగో రోజు బడి యూనిఫాం వేసుకోనని మంచం మీద కూర్చుండిపోయింది.

మా ఆయనకు కోపమొచ్చింది. "బడి ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంటే రేపు ఏ కాలేజోళ్లు తీస్కుంటరు?" అని నన్నడిగి, తనే పైకి వెళ్లి నర్సక్కనే అడిగాడు. నేను వెనకాలే వెళ్లాను.

"తీసుకుంటారండీ," అందామె. "ఓపెన్ స్కూల్ పరీక్షలున్నాయి, మా పెద్దది రాస్తోంది కదా. చదువేం ఆగిపోదు. అసలు మీ పిల్ల ఆ బళ్లో ఇప్పుడు చదవట్లేదండీ. ఊరికే కూర్చుని వస్తోందంతే."

మా ఆయన కిందికొచ్చి దాని పుస్తకాల సంచి తెరిచి నోటుబుక్కులు తిరగేశాడు. చివరికి "ఒక్క ఏడు జూద్దాం" అన్నాడు.

ఆ ఏడాది ఆమెను దగ్గర నుంచి చూశాను. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి వచ్చి ఒంటిగంట దాకా నిద్రపోయేది. రెండింటికల్లా తల దువ్వుకుని బల్ల ముందు ఉండేది. ఒకసారి డిక్టేషన్ చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే నిద్రలోకి జారుకుంది. నేను వాళ్ల వంటింట్లోంచి వచ్చేసరికి పిల్లలు ముగ్గురూ కాళ్ల చప్పుడు కాకుండా నడుస్తూ ఆమె మీద దుప్పటి కప్పుతున్నారు. తర్వాత మిగిలిన మాటలు ఒకరికొకరు గుసగుసగా చెప్పుకుని రాసుకున్నారు.

ఆమెకు కోపం ఎక్కువే, అరిచేది. అరిచిన ప్రతిసారీ ఐదు నిమిషాల్లో వచ్చి "తప్పు నాదిరా" అని పిల్లలకే చెప్పేది. తనకు రానిది రాదని ఒప్పుకోవడానికీ వెనకాడేది కాదు. భిన్నాల దగ్గర ఒకరోజు పుస్తకం మూసేసి, "నాకు లెక్కలు రావమ్మా, వచ్చినవాళ్లని వెతకాలి" అంది.

వెతికింది కూడా. ఆసుపత్రికి కూతురికి టీకా వేయించడానికొచ్చిన సూడాన్ ఆవిడతో మాటల్లో, ఆమె తన దేశంలో లెక్కల టీచరని తెలిసింది. ఇక్కడికొచ్చాక ఆరేళ్లుగా పాఠం చెప్పలేదు. ఆమె కూతురు కూడా ఏవో మాటలు పడి బడి మానేసి ఇంట్లోనే ఉంది. "రేపు మా ఇంటికి రండి" అని నర్సక్క అక్కడికక్కడే తన ఫ్లాట్ నంబరు రాసిచ్చింది.

మర్నాడు ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ మా అందరికన్నా పొడుగు, మా అందరికన్నా నలుపు. ఒంటికి చుట్టుకున్న పసుపుపచ్చ బట్ట గదంతా వెలిగినట్టు ఉంది. చేతిలో నాలుగు ఖుబూజ్ రొట్టెలు. ఒక రొట్టె మధ్యకు చింపి "నుస్" అంది, అరబ్బీలో సగమని. దాన్ని మళ్లీ చింపి "రుబ్" అంది, పావని.

నర్సక్క చిన్నకూతురు కిసుక్కున నవ్వింది. "రుబ్బడానికి పిండేదండీ?"

మేము నవ్వుతుంటే ఆవిడకు అర్థం కాలేదు. నేను వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో పిండి రుబ్బి చూపించాక ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ రోజు పిల్లలు చేసిన లెక్కలన్నీ పాఠం అయ్యాక హుమ్మస్ శనగముద్దలో ముంచుకుని తినేశారు. ఆవిడను అందరూ ఖాలా అనేవారు, పిన్ని అని.

నెల తిరక్కుండానే మా అమ్మాయి, కూర వండుతున్న నా పక్కన నిలబడి, అడక్కుండానే చెప్పింది. "ఖాలా ఎంత మంచిగుంటదో మమ్మీ."

"ఎప్పుడు?"

"బోర్డు కాడ నిలబడ్డప్పుడు."

నేను పొయ్యి తగ్గించాను. రంగుదేముందని దానికి ఎన్నోసార్లు చెప్పాను. చెబుతూనే మూడేళ్ల వయసు నుంచి ప్రతి శుక్రవారం సున్నిపిండి పెట్టి రుద్దాను. క్రీములు కొన్నాను. పీచు పట్టుకోవడం దానికి నేర్పింది బడి ఒక్కటే కాదని ఆ వంటింట్లో ఒప్పుకున్నాను. నేను నేర్పలేకపోయింది, నర్సక్కా ఖాలా ఒక్క మాటా ఆ విషయం ఎత్తకుండా నేర్పారు.

రెండో ఏడాదికి ఏడు కుటుంబాలయ్యాం. తెలుగు పాఠం నా వంతు. నర్సక్కది గోదావరి తెలుగు, నాది కరీంనగర్ తెలుగు. పిల్లలు రెండూ మాట్లాడడం మొదలుపెట్టారు. పరీక్ష రాసి పాసయ్యాక, ఆరో తరగతికి బడికి వెళ్తానని మా అమ్మాయే అంది. నాకు మనసు చివుక్కుమంది. ఆ మాట నర్సక్కకు చెప్పలేక చెప్పాను.

ఆమె చేతులు రెండూ చరిచింది. "వెళ్తానందా? దీనికోసమే కదే ఇంత చేసింది! పంపించు."

పంపించాను. బడిలో మళ్లీ ఎవరో ఏదో అన్నారట. ఈసారి తనే టీచరు దగ్గరికి వెళ్లి చెప్పింది. ఇంటికొచ్చి నాకు ఆ సంగతి చెప్పి, సమోసా ఉందా అని అడిగింది.

ఆ వేసవి తర్వాత నర్సక్కకు కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. బల్ల, బోర్డు మా ఇంట్లోకి దించాం. నా పిల్ల బడికి పోతున్నా, వారానికి నాలుగు మధ్యాహ్నాలు నేను తెలుగు, సైన్సు చెబుతున్నాను. ఖాలా లెక్కలు చెబుతోంది. మొన్న నర్సక్క ఫోన్ చేసింది. ఖఫ్జీలో తన హాల్లో అప్పుడే ఇద్దరు పిల్లలు చేరారట, ఒకరికి లెక్కలంటే భయమట.

"ఖాలా రాసిచ్చిన భిన్నాల నోటుబుక్కుంది కదా, పేజీలన్నీ ఫోటోలు తీసి పంపవే," అంది.

పిల్లలు పేజీలు తిప్పుతుంటే నేను ఫోటోలు తీశాను.