లేని మూడో మానిటర్

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. దమ్మపేటలో మా అత్తగారింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ముందు తాయెత్తు కోసం వెతుకుతారు. నేను మాత్ర కోసం వెతుకుతాను. పదకొండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నదాన్ని. కంప్యూటర్‌లో కారణం లేకుండా ఏదీ జరగదు, ఆ కారణం మనకు దొరకకపోవచ్చు, అంతే. ఇవాళ్టికీ నేను ఇదే నమ్ముతున్నాను. అయినా ఇది రాస్తున్నాను.

జరిగింది చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నాగమణి అంటే నాకు కుళ్ళు. చనిపోయిన మనిషి గురించి ఇట్లా అనకూడదని తెలుసు. కానీ ఆ కుళ్ళు దాచిపెడితే మిగతా కథ చెప్పడం కుదరదు.

మా ఆఫీసు చండ్రుగొండలో, ఒక ఎరువుల కొట్టు పైన. పెద్ద గది, పన్నెండు టేబుళ్లు. పాత భూమి పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని. ఒక్కో టేబుల్ మీద రెండు మానిటర్లు ఉంటాయి. ఎడమ దాంట్లో స్కాన్ చేసిన పాత పటం పెట్టుకుని, దాన్ని చూస్తూ కుడి దాంట్లో గీతలు గీస్తారు. ఆ గీతలు గీసే సాఫ్ట్‌వేర్ బాగా పాతది, ఇప్పటి కంప్యూటర్ల మీద నడవదు. అందుకని ప్రతి కంప్యూటర్ లోపల ఇంకో పాత కంప్యూటర్ ఉన్నట్టు నడిపిస్తాం. దాన్నే వర్చువల్ మిషన్ అంటారు. పైకి కొత్తదే, లోపల పాతది కూర్చుని ఉంటుంది.

పది టేబుళ్ల మీద పదిమంది ఆడవాళ్లు గీతలు గీస్తారు. మిగతా రెండు టేబుళ్లు మావి, అంటే నావీ నాగమణివీ. ఏ మిషన్ మొరాయించినా మేమే చూడాలి.

నేను ఆమె కంటే నాలుగేళ్లు ముందు చేరాను. కల్లూరులో చదువుకుని, ఖమ్మంలో హార్డ్‌వేర్ కోర్సు చేసి వచ్చాను. నాగమణిది చండ్రుగొండ అవతల అడవిలో ఊరు. ఇంటర్ తర్వాత ఆరు నెలల శిక్షణ, ఆమె చదువు అంతే. కానీ నేను గంటసేపు కుస్తీపట్టి వదిలేసిన మిషన్ దగ్గరికి వచ్చి, తల కొంచెం పక్కకు వంచి చూసి, ఏదో నొక్కేది. అది లేచి కూర్చునేది. "ఏం జేసినవే?" అని అడిగితే "ఏం లేదక్కా, ఊరికే చూసిన" అనేది. ఆ "ఏం లేదక్కా" అనే మాటకే నాకు కడుపులో మంట. ఏదో ఒకటి చేసి ఉంటుంది కదా, చెప్పొచ్చు కదా! నేను పక్కనే కూర్చుని ఉన్నా ఆపరేటర్లు ముందు ఆమె పేరే పిలిచేవాళ్ళు.

ఆమె టేబుల్ మీద మాత్రం మూడు మానిటర్లు ఉండేవి. మూడోది పాత చదరం మానిటర్, కుడి చివర పెట్టుకుంది. పక్కన పడేసిన సామాన్లలోంచి తనే తెచ్చుకుంది. కొత్త పటం వచ్చినా, కంప్యూటర్‌లో కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసినా, ముందు దాని విండోని ఆ చదరం తెర మీదకి లాగి అక్కడ వదిలేసేది. తర్వాత వెళ్లి టీ తాగి వచ్చేది. వచ్చాకే పని మొదలు పెట్టేది.

ఒకరోజు ఎందుకని అడిగాను. వాళ్ల ఊళ్లో కొత్త పండగ చేస్తారట. మామిడికాయ గానీ చిక్కుడుకాయ గానీ, కాలంలో మొదట వచ్చినదాన్ని చనిపోయిన పెద్దలకు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ నోట్లో వేసుకోరు.

"కొత్తది ఏదొచ్చినా ముందు పెద్దోళ్లకు సూపియ్యాలక్కా. మనమే ముందు తింటే మళ్ల రాదంట," అని నవ్వింది.

"కంప్యూటర్లకు గూడ పెద్దోళ్లుంటరా?" అని గదిలో అందరికీ వినబడేట్టు అన్నాను. నలుగురు నవ్వారు. నాకు కావలసింది అదే. ఆమె మర్నాడు కూడా అట్లాగే చేసింది.

పోయిన వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు భద్రాచలం దవాఖానాలో చనిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు. నేను ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. కానీ అంత్యక్రియలకు వెళ్లి వాళ్ల ఊరి నుంచి తిరిగి వస్తూ ఆటోలో ఒక ఆలోచన వచ్చింది. ఇకనుంచి నన్నే పిలుస్తారు కదా అని. ఈ మాట ఇప్పటిదాకా మా ఆయనకి కూడా చెప్పలేదు.

వారం తిరక్కుండా ఆమె సీట్లోకి మారాను. కిటికీ పక్కన, ఫ్యాను కింద ఉంటుంది. చదరం మానిటర్ పీకేసి, వైరు చుట్టి, స్టోర్ రూమ్ బీరువాలో పెట్టాను. ఆమె వర్చువల్ మిషన్‌కి ఆమె పేరే ఉండేది, అది తీసేసి నా పేరు పెట్టాను. దాంట్లో తప్పేమీ లేదు, సీటు నాదే కాబట్టి.

రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఒక సోమవారం, అన్ని మిషన్లలో గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది పడింది. మానిటర్ల మీద బొమ్మ రావడానికి కంప్యూటర్‌లో ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ అది. దానికీ వర్చువల్ మిషన్‌కీ పడలేదు. గీతలు గీసే విండోని రెండో మానిటర్ మీదకి తేగానే తెర నల్లబడిపోయేది. ఒక్కోసారి తిరిగి వచ్చేది గానీ, గీతలన్నీ వేలెడు పక్కకు జరిగి ఉండేవి. పొలం హద్దు వేలెడు జరిగితే ఏమవుతుందో ఈ వైపు మనుషులకు చెప్పక్కర్లేదు. పది టేబుళ్లూ ఆగిపోయాయి.

మా మేనేజర్ రవి సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "శుక్రవారం లోపు పటాలు పోకపోతే పని ఇంకో ఆఫీసుకు పోతదమ్మా. ఈ పదిమందిని ఇంటికి పంపుడే," అన్నాడు. వెళ్తూ వెళ్తూ తనలో తను అనుకున్నట్టు ఇంకో మాట అన్నాడు. "నాగమణి ఉంటే గీ లొల్లే ఉండకపోవు."

ఆ మాట మూడు రోజులు చెవిలో జోరీగలా తిరిగింది. పదిమంది ఉద్యోగాల కన్నా నన్ను ఎక్కువ తిన్నది ఆ మాటే. ఎట్లాగైనా నేనే బాగుచేయాలి, అదీ ఆమె చేసినదానికన్నా బాగా చేయాలి. డ్రైవర్ తీసేసి పాతది వేశాను. వైర్లు మార్చాను. తెర సైజులు, అక్షరాల సైజులు అన్నీ మార్చి చూశాను. వర్చువల్ మిషన్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. తెర నల్లగా అట్లాగే ఉంది.

గురువారం పొద్దున పదకొండున్నర అవుతుంది. గది నిండా వెలుతురు, కింద కొట్లో ఎరువుల బస్తాలు దించుతున్నారు. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. నా కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యాక మౌస్ కదిపితే బాణం కుడి అంచు దాటి వెళ్లిపోయింది. అక్కడ మానిటర్ లేదు, కిటికీ ఉంది.

డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాను. ఎన్ని మానిటర్లు ఉంటే అన్ని డబ్బాలు చూపిస్తుంది. నాకు రెండు కనబడాలి. మూడు ఉన్నాయి. మూడోది కుడి చివర, చదరం, ఆ పాత మానిటర్ కొలతే, 1280×1024.

భయం వేయలేదు, చిరాకు వేసింది. ఒకప్పుడు తగిలించిన మానిటర్‌ని కంప్యూటర్ గుర్తుపెట్టుకోవడం మామూలే. ఆ పాత గుర్తులన్నీ తుడిచేసి మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ మూడు. వెనకాల వైర్లు వేలు పెట్టి లెక్కపెట్టాను, రెండే. స్టోర్ రూమ్‌కి వెళ్లి బీరువా తీశాను. చదరం మానిటర్ నేను పెట్టిన చోటే ఉంది, వైరు చుట్టినట్టే ఉంది.

అప్పుడు ప్రింట్ స్క్రీన్ నొక్కాను. ఆ బటన్ నొక్కితే అన్ని తెరల మీద ఉన్నదాన్నీ కలిపి ఒకే ఫోటో తీస్తుంది. మనకు కనబడని తెర మీద ఏముందో చూడాలంటే అదొక్కటే సులువైన దారి. ఫోటో తెరిచి కుడివైపుకు జరిపాను. ఖాళీ తెర ఉంటుందనుకున్నాను.

ఒక విండో తెరిచి ఉంది. వర్చువల్ మిషన్ సెట్టింగ్స్, డిస్‌ప్లే పేజీ. మానిటర్ల సంఖ్య ఒకటి అని ఉంది. త్రీడీ అనే చోట టిక్కు తీసేసి ఉంది. మెమరీ సగానికి తగ్గించి ఉంది. నేను ఆ విండో తెరవలేదు. నా మిషన్‌లో ఆ సాఫ్ట్‌వేరే ఆ సమయానికి నడవడం లేదు, రెండుసార్లు చూసుకున్నాను. విండో పైన వర్చువల్ మిషన్ పేరు ఉంటుంది. నేను తీసేసిన పేరు ఉంది అక్కడ. నాగమణి.

వెనకాల ఎవరో టిఫిన్ డబ్బా మూత తీసి నవ్వుతున్నారు. నేను లేచి, పక్క టేబుల్ మిషన్‌లో ఆ మూడూ అట్లాగే మార్చాను. తర్వాత విండోని రెండో మానిటర్ మీదకి సాగదీశాను. తెర నల్లబడలేదు. గీతలు జరగలేదు. మధ్యాహ్నం మూడింటికల్లా పది టేబుళ్లూ నడిచాయి. శుక్రవారం పటాలు వెళ్లిపోయాయి.

ఆ ఫోటో నేను సేవ్ చేయలేదు. ఇక్కడ అబద్ధం చెప్పను. మర్చిపోయి కాదు, ఎవరైనా చూస్తారని చేయలేదు.

రవి సార్ అందరి ముందూ "ఎట్ల వట్టినవ్?" అని అడిగాడు. "నేనే కనిపెట్టిన సార్," అన్నాను. ఎట్లా చేయాలో ఒక కాగితం మీద రాసి, కింద నా పేరు లావు అక్షరాల్లో పెట్టి గోడకు అంటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. రవి సార్ నవ్వుతూ "అచ్చం నాగమణి లెక్కనే జేసినవ్" అన్నాడు. ఆ చప్పట్లు నాకు అక్కడితో చేదైపోయాయి. సాయంత్రం సీట్లోకి వచ్చి చూస్తే సెట్టింగ్స్‌లో రెండే డబ్బాలు ఉన్నాయి.

ఎండలు ముదిరాక ఇంకో కొత్త డ్రైవర్ పడింది. ఈసారి విండో రెండు మానిటర్ల మధ్యకి రాగానే సగం ఆగిపోయేది. గోడ మీది కాగితం పనిచేయలేదు. నేను ప్రింట్ స్క్రీన్ నొక్కాను. రెండు తెరలే వచ్చాయి. రోజూ నొక్కాను. సిగ్గు విడిచి చదరం మానిటర్ బీరువాలోంచి తెచ్చి నా టేబుల్ మీద తగిలించాను. కొత్త పటం తెరిచి దాని మీదకి లాగి, టీ తాగి వచ్చాను. పటం పెట్టింది పెట్టినట్టే ఉంది. నాకు ఎవరూ ఏమీ చూపించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మూల టేబుల్ నుంచి స్వరూప పిలిచింది. సత్తుపల్లి వైపు మనిషి, నలభై దాటాయి, సెట్టింగ్స్ జోలికి పోవాలంటేనే భయం. నాగమణి రోజూ ఆమె పక్కన కూర్చునే అన్నం తినేది.

"అక్కా, నా బాణం కుడిపక్కకి పోయి కనబడట్లేదండీ. ఇక్కడ మూడు డబ్బాలు చూపిస్తంది."

వెళ్లి చూశాను. మూడోది చదరం, 1280×1024. అసలు చదరం మానిటర్ అవతల నా టేబుల్ మీద వెలుగుతూ నా కళ్ల ముందే ఉంది.

ప్రింట్ స్క్రీన్ బటన్ నా వేలికి జానెడు దూరంలో ఉంది. నొక్కితే దారి దొరికేది. కానీ ఆ క్షణంలో నాకు దారి గుర్తుకు రాలేదు. ఈమెకా? మౌస్ పట్టుకోవడం నేను నేర్పిన మనిషికా? ఇన్నేళ్లు నాగమణి పక్కన కూర్చున్నాను, ఆమె సీట్లో కూర్చున్నాను, ఆమె మానిటర్ తెచ్చి పెట్టాను. నాకు కాకుండా ఈమెకా చూపిస్తుంది? "ఈ డిస్‌ప్లే తీసేయి" అనే ఆప్షన్ నొక్కాను. మూడో డబ్బా పోయింది.

"డ్రైవర్ తప్పు, అంతే," అన్నాను.

"పోయిందా అక్కా? ఏముందో చూస్తారనుకున్నా," అంది స్వరూప.

హైదరాబాద్ నుంచి మనిషి వచ్చి రెండు రోజులు కూర్చుని బాగుచేశాడు. ఆలోపు సగం పటాలు ఇంకో ఆఫీసుకు వెళ్లిపోయాయి, నలుగురు ఆపరేటర్లు మానేయాల్సి వచ్చింది. రవి సార్ ఇప్పుడు ఏం వచ్చినా అతనికే ఫోన్ చేస్తాడు. అతన్ని నేను మాటల్లో అడిగాను. లేని మానిటర్ కనబడటం మామూలేనని, 1280×1024 అయితే మానిటర్ ఏదో తెలియనప్పుడు చాలా గ్రాఫిక్స్ కార్డులు ఇచ్చే సైజేనని చెప్పాడు. సరే, ఒప్పుకున్నాను. మరి ఆ విండో ఎవరు తెరిచారు? అతనికి చూపించడానికి నా దగ్గర ఫోటో లేదు.

గోడ మీది కాగితంలో నా పేరు కొట్టేసి నాగమణి పేరు రాశాను. రోజూ పొద్దున సీట్లో కూర్చోగానే ముందు ప్రింట్ స్క్రీన్ నొక్కుతాను. చదరం మానిటర్ మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది, అందుకని రెండు తెరలే రావాలి. రెండే వస్తాయి.

స్వరూప మిషన్‌లో నేను తీసేసిన ఆ డిస్‌ప్లేని మళ్లీ పెట్టడం ఒక్క క్లిక్కు పని. ఆమె అన్నానికి లేచినప్పుడల్లా ఆ మూల టేబుల్ వైపు చూస్తాను. ఇప్పటిదాకా వెళ్లలేదు. అక్కడ మూడు వస్తే నేను ఓర్చుకోలేను.